ఫ్రిజ్ మీద ఏడో పాయింటు

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఒక ఆయా మారింది. రెండో ఆయా విషయం కూడా గేటు దాకా వచ్చింది. బయటివాళ్ళకి తెలిసింది అంతే. పద్దెనిమిది వందల ఫ్లాట్లున్న కమ్యూనిటీలో ఆయాలు మారడం వార్తేమీ కాదు. లిఫ్టులో ఎవరైనా అడిగితే "సెట్ కాలేదండీ" అంటే చాలు, పదో అంతస్తు వచ్చేలోపు ఆ సంగతి అయిపోతుంది.

మేముండేది తెల్లాపూర్‌లో. మా టవర్ నుంచి క్లబ్‌హౌస్ దాకా దారికి రెండు పక్కలా కానుగ చెట్లు ఉన్నాయి. మార్చి దాటితే అవి పూస్తాయి, దారంతా మరమరాలు ఒలకబోసినట్టు పూలు రాలతాయి, పూతతో పాటు తేనెటీగలు వస్తాయి. ఆ ఏడు తొమ్మిదో అంతస్తులో ఎవరిదో బాల్కనీ కింద పట్టు కూడా పెట్టాయి. దాన్ని తీయించాలా, ప్రకృతిని కాపాడాలా అని వాట్సాప్ గ్రూపులో రెండు వర్గాలు పొద్దస్తమానం కొట్టుకునేవి. ఆ గోల భరించలేక నేను గ్రూపుని మ్యూట్‌లో పెట్టేశాను.

నేనొక సాఫ్ట్‌వేర్ కంపెనీలో సపోర్ట్ టీమ్‌కి మేనేజర్‌ని. ఎక్కడో ఏ బ్యాంకు సిస్టమో ఆగిపోతే ముందు మోగేది నా ఫోనే. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. పెద్ద తప్పేదైనా జరిగి సర్దుకున్నాక మర్నాడు అందరం కూర్చుంటాం. అక్కడ "ఎవరు చేశారు" అని అడగకూడదు, "ఏం జరిగింది" అనే అడగాలి. పేరు పెట్టి నిలదీస్తే తర్వాతిసారి ఎవరూ నోరు విప్పరు, అప్పుడు నష్టం పదింతలవుతుంది. కొత్తగా చేరిన పిల్లలకి ఈ పాఠం చెప్పేది నేనే. బాగా చెప్తానని ఆఫీసులో పేరు కూడా ఉంది.

మా రసజ్ఞకి అప్పుడు నాలుగున్నరేళ్ళు. అంతకు ముందు రెండేళ్ళు దాన్ని చూసింది నీలమ్మ. అందుకే మా పిల్ల భాష మాది కాదు. నాది ధర్మవరం, మా ఆయన ఉదయ్ భాస్కర్‌ది అమలాపురం, అది మాత్రం "ఇగ నాకొద్దు", "గట్లెందుకు" అంటుంది. "నీలమ్మ కూతుర్ని మనం పెంచుకుంటున్నట్టుంది" అని ఉదయ్ నవ్వేవాడు.

మార్చి చివర్లో ఒకరోజు పార్కులో ఇసుకలో ఆడుతుంటే రసజ్ఞ పాదం మీద ఎర్రచీమలు కుట్టాయి. సాయంత్రం స్నానానికి సాక్సు విప్పితే పాదం పైభాగమంతా కాలినట్టు కమిలి ఉంది. చీమ కుడితే అట్లా ఉండదు.

"ఏం పెట్టావు నీలమ్మా?"

"సున్నం పెట్టిన అమ్మా," అంది వెంటనే. "నా తంబాకు డబ్బీలకెల్లి తీసి రాసిన. మంట గుంజుతదని. మా పిల్లలకు గట్లనే పెడ్తుంటి. పాప తోలు జర నాజూకున్నది, నాకు ఎరుక లేకపాయె."

తడుముకోలేదు, దాచలేదు. డబ్బీ కూడా తీసి చూపించింది. చిన్నప్పుడు నాకు కందిరీగ కుడితే మా అమ్మ పార్వతమ్మ చేసిందీ అదే, పైగా ఉల్లిపాయ కూడా రుద్దింది. ఆ సంగతి నాకు ఆ సాయంత్రం గుర్తు రాకపోలేదు. అయినా నెలాఖరు దాకా కూడా ఆగకుండా నీలమ్మని మాన్పించాను. వెళ్ళేటప్పుడు ఆమె ఏడవలేదు, రసజ్ఞే ఏడ్చింది. తలుపు గడియ పట్టుకుని వేలాడి, చెప్పులు వేసుకుంటున్న నీలమ్మ కొంగు లాగింది. వారంలో మర్చిపోతుందిలే అన్నాడు ఉదయ్. నేనూ అదే అనుకున్నాను.

మా గేటు యాప్‌లో పనివాళ్ళందరికీ ఫోటోతో ఒక పేజీ ఉంటుంది. ఎవరింట్లో చేస్తున్నారు, ఎన్ని గంటలకి వచ్చారు, వాళ్ళకి ఎన్ని నక్షత్రాలు, అన్నీ కనిపిస్తాయి. నీలమ్మ పేజీలో రెండు నక్షత్రాలు ఇచ్చి, "అడగకుండా పాపకి సున్నం రాసింది, చర్మం కాలింది" అని రాశాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. నలుగురు తల్లులకి మేలు చేశాననే అనుకున్నాను.

ఆ శని, ఆదివారాలు కూర్చుని చిన్నపిల్లలకి పురుగులు కుడితే ఇంట్లో ఏం చేయాలో డాక్టర్లు రాసినవన్నీ చదివాను. తెలుగులో ఒక పేజీగా కుదించి, లామినేషన్ చేయించి, ఫ్రిజ్‌కి అంటించాను. మొత్తం ఏడు పాయింట్లు. మొదటిది, వెంటనే అమ్మకి చెప్పాలి. తర్వాత, ముల్లు కనిపిస్తే ఆలస్యం చేయకుండా అట్టముక్కతోనో కార్డుతోనో గీకి తీసేయాలి. మూడోది, సబ్బుతో కడిగి గుడ్డలో చుట్టిన ఐసు పెట్టాలి. సున్నం, పసుపు, పేస్టు, ఉల్లిపాయ ఏదీ రాయకూడదు. ఐదోది, కుట్టినచోటే వాపు ఉంటే భయం లేదు, అరగంట కనిపెట్టుకుని చూడాలి. ఆరోది, ఒళ్ళంతా దద్దుర్లు, వాంతి, గొంతు బొంగురుపోవడం, పెదవులు వాయడం, ఆయాసం, వీటిలో ఏది కనిపించినా ఆస్పత్రికి వెళ్ళాలి. ఏడోది, ఇంతకు ముందు కుట్టినప్పుడు ఒళ్ళంతా దద్దుర్లు లేచి ఉంటే ఈసారి దేనికోసమూ ఆగకూడదు, ఉన్నపళంగా ఆస్పత్రికి బయల్దేరాలి.

మా పిల్లకి ఆ ఏడోదాని అవసరం లేదు కదా, తీసేద్దామా అనుకున్నాను. పేజీలో చోటు మిగిలిందని ఉంచాను.

ఏప్రిల్ మొదటి వారంలో సీతాబాయి చేరింది. నారాయణఖేడ్ దగ్గర తండా ఆమెది. ముప్పై దాటి ఉంటాయి. యాప్‌లో నాలుగున్నర నక్షత్రాలున్నాయి. మొదటి రోజే ఆమెని ఫ్రిజ్ ముందు నిలబెట్టాను.

"నాకు సదువు రాదమ్మా," అంది.

"నేను చదువుతాను, నువ్వు తిరిగి చెప్పు."

మూడు రోజులు చెప్పించాను. నాలుగో రోజుకి ఏడూ వరసగా వచ్చేశాయి. రసజ్ఞ కూడా పక్కన నిలబడి చేతులు కట్టుకుని ఆమెతో పాటు అప్పజెప్పేది.

"ఏడోది?" అన్నాను.

"ముందు కుట్టినప్పుడు ఒళ్ళంత దద్దుర్లు లేసి ఉంటె, ఇగ దేనికీ ఆగొద్దు. దవాఖానకు ఉరకాలె."

"ఆస్పత్రి అని రాశాను."

"దవాఖాన అన్నా గదేనమ్మా."

రసజ్ఞ పకపకా నవ్వింది. సీతాబాయి కూడా నవ్వి, "ఒకటోది ఉన్నది గదమ్మా, మీకు చెప్పాలెనని. చెప్పినంక మీరేం జేస్తరు?" అని అడిగింది.

"ఏం చేస్తాను? నేను చూసుకుంటాను."

"ఆఁ," అని లోపలికి వెళ్ళిపోయింది. నేను లాప్‌టాప్ తెరిచాను. ఎవరైనా ఆఫీసులో అదే ప్రశ్న అడిగితే అరగంట మాట్లాడి ఉండేదాన్ని.

ఏప్రిల్ నెలలో ఒక్క రోజు మాత్రం నాకు బాగా గుర్తుంది. బయట నలభై రెండు డిగ్రీలు. సాయంత్రం గదిలోంచి బయటికి వస్తే రసజ్ఞ నిండు చేతుల గౌను, కింద లెగ్గింగ్స్ వేసుకుని సోఫాలో కూర్చుని ఉంది.

"ఏమిటే ఇది, ఈ ఎండలో?"

"గదే కావాలెనన్నదమ్మా," అంది సీతాబాయి వంటింట్లోంచి.

"నాకే కావాలె," అంది రసజ్ఞ.

చలికాలం బట్టల మీద మోజు పుట్టిందని ఉదయ్‌కి మెసేజ్ పెట్టి నవ్వుకున్నాను. ఆ రాత్రి ఎప్పటికంటే తొందరగా నిద్రపోయింది.

మే నెల మూడో వారంలో, ఒక మంగళవారం మధ్యాహ్నం మా క్లయింట్ సిస్టమ్ ఒకటి పడిపోయింది. నేను గదిలో కాల్ మీద ఉన్నాను. తలుపు గడియకి ఎర్ర రిబ్బన్ కట్టి ఉంటే ఎవరూ రాకూడదని మా ఇంట్లో నియమం. మూడుంపావు ప్రాంతంలో సీతాబాయి తలుపు తట్టకుండా లోపలికి వచ్చింది. చంకలో రసజ్ఞ ఉంది.

"అమ్మా, పాపకు తేనెటీగ కుట్టింది. బాల్కనీల. మెడ మీద. ముల్లు నా గేటు కార్డుతోని గీకి తీసేసిన, కడిగిన, ఐసు పెట్టిన. దవాఖానకు పోదాం."

నేను మైకు ఆపి చూశాను. మెడ పక్కన రూపాయి బిళ్ళంత వాపు. రసజ్ఞ వెక్కుతోంది కానీ మరీ పెద్ద ఏడుపు కాదు. ఊపిరి బాగానే ఉంది. నేను చాలా పద్ధతిగా చూశానని ఇప్పటికీ చెప్పగలను.

"ఏం కాలేదు. ఐదో పాయింటు ఇది. ఐసు పెడుతూ ఒక అరగంట చూడు, ఇంకేమైనా కనిపిస్తే నన్ను పిలువు."

ఆమె కదల్లేదు.

"తేజస్విని గారూ, ఉన్నారా?" అన్నాడు లాప్‌టాప్‌లోంచి మా టీమ్ కుమార్. "క్లయింట్ మిమ్మల్నే అడుగుతున్నారు."

"సీతా, చెప్పాను కదా. ఐదోది."

"ఐదోది కాదమ్మా," అంది సీతాబాయి. "ఏడోది."

నాకు వెంటనే తలకెక్కలేదు. ఆమె నన్నే చూస్తోంది, చూపు దించలేదు.

"పోయిన నెల గూడ కుట్టింది. కాలు మీద. అప్పుడు పొట్ట మీద, చేతుల మీద అంతట దద్దుర్లు లేసినయ్. పొద్దుమీకి చల్లనీళ్ళతోని తుడిస్తే మెల్లగ పోయినయ్. మీకు చెప్పలే."

అంతే అంది. క్షమించమనీ అనలేదు, ఎందుకు చెప్పలేదో కూడా అనలేదు. ఆ మాటతో తన పని పోయిందని ఆమెకి తెలుసు. నాకూ తెలుసు. కుమార్‌తో "నువ్వు నడిపించు" అని లాప్‌టాప్ మూసేశాను. టైమ్ మూడూ ఇరవై రెండు.

లిఫ్టులో నాలుగో అంతస్తు దాటుతుండగా రసజ్ఞ వాంతి చేసుకుంది. కారు దగ్గరికి వచ్చేసరికి చెవుల వెనక నుంచి దద్దుర్లు దిగుతున్నాయి. నేను నడిపాను, సీతాబాయి వెనక సీట్లో దాన్ని ఒళ్ళో పక్కకి తిప్పి పడుకోబెట్టుకుంది. అద్దంలో చూస్తే ఆమె కాళ్ళకి చెప్పులు లేవు. మా తలుపు బయటే వదిలేసింది.

"బిడ్డా, ఒకటోది చెప్పు," అంటోంది ఆమె.

"అమ్మకు చెప్పాలె," అంది రసజ్ఞ.

"రెండోది?"

"ముల్లు గీకాలె."

పిల్ల గొంతు వినడానికే అడుగుతోందని నాకు మూడో పాయింటు దగ్గర అర్థమైంది. నల్లగండ్ల ఫ్లైఓవర్ కింద సిగ్నల్ పడింది. నాలుగోది చెప్పేటప్పుడు గొంతు బొంగురుపోయి, ఇంకెవరి పిల్లో మాట్లాడినట్టు ఉంది. ఐదోది అడిగితే జవాబు రాలేదు.

"అమ్మా, సిగ్నల్ చూడకుండ్రి. పోనియ్యుండ్రి," అంది సీతాబాయి. నేను హారన్ మీద చెయ్యి తీయకుండా పోనిచ్చాను.

ఆస్పత్రి మెట్ల దగ్గర కారు ఆపీ ఆపకముందే ఆమె పిల్లని ఎత్తుకుని దిగి పరిగెత్తింది. మే నెల మధ్యాహ్నం, నల్లటి తారు, వట్టి కాళ్ళు. లోపల డ్యూటీలో ఉన్న పిల్లల డాక్టర్ పేరు సౌజన్య. రసజ్ఞ పెదవులు అప్పటికే వాచి ఉన్నాయి.

"ఏం కుట్టింది?"

"తేనెటీగ. మెడ మీద. ఇరవై అయిదు నిమిషాలైంది."

"ఇదే మొదటిసారా?"

"రెండోసారి. ముందుసారి ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయి."

ఆవిడ ఇంకేమీ అడగలేదు. తొడకి ఇంజెక్షన్ ఇచ్చింది, ముక్కుకి ఆక్సిజన్ పెట్టించింది. పది నిమిషాలు గడిచాక పిల్ల కళ్ళు తెరిచి అటూ ఇటూ చూసింది.  

"కుట్టిన పిల్లలందరికీ ఇట్లా అవదు," అంది డాక్టర్ సౌజన్య. "చాలామందికి మీరు ఇంట్లో చేసేది సరిపోతుంది. కానీ ఒకసారి ఒళ్ళంతా రియాక్షన్ వచ్చిన పిల్లకి మళ్ళీ కుడితే ఇంట్లో ఆగకూడదు. మీకు ఆ సంగతి తెలిసి వెంటనే తెచ్చారు, మంచి పని చేశారు. ఇంకో అరగంట అక్కడే చూస్తూ కూర్చుని ఉంటే నేనేం చేయగలిగేదాన్నో చెప్పలేను."

"అవునండీ," అన్నాను. ఆ పొగడ్త ఎవరికి చెందాలో చెప్పలేదు.

అయిదు గంటలకి ఉదయ్ ఆఫీసు నుంచి వచ్చాడు. పిల్లని చూశాడు, దాని పాదం పట్టుకుని కాసేపు కూర్చున్నాడు, తర్వాత నన్ను కారిడార్‌లోకి పిలిచి మొత్తం అడిగాడు. చెప్పాను.

"నెల రోజులు దాచిందా?" అన్నాడు. "తేజూ, నెల రోజులు! ఆ రోజే చెప్పి ఉంటే డాక్టర్‌కి చూపించేవాళ్ళం. మందులు ఇంట్లో పెట్టుకునేవాళ్ళం. బాల్కనీలోకి అడుగు పెట్టనిచ్చేవాళ్ళమా?"

"లేదు."

"పైగా ఇవాళ పట్టు తీయిస్తున్నారు, రెండు నుంచి అయిదు దాకా బాల్కనీ తలుపులు మూసుకోమని మెసేజ్ కూడా వచ్చిందట. ఆవిడ తలుపు ఎందుకు తీసింది?"

ఆ మెసేజ్ వచ్చింది వాట్సాప్ గ్రూపులో. ఇంగ్లీషులో. నేను మ్యూట్‌లో పెట్టిన గ్రూపులో. ఉదయ్ అన్నదాంట్లో తప్పేమీ లేదు, నేను చెప్పనిదే ఒకటి మిగిలిపోయింది. గ్రూపు మ్యూట్‌లో ఉండి ఆ మెసేజ్ నేను చూడలేదని, సీతాబాయికి చెప్పలేదని అప్పుడే చెప్పాను. అతను నా వైపు చూసి, "సరే, అది వేరు" అన్నాడు.  అక్కడే నిలబడి ఫోన్ తీసి, యాప్‌లో మా ఫ్లాట్ నుంచి సీతాబాయి పేరు తీసేశాడు. నేను వద్దనలేదు.

ఆమె కోసం బయటికి వెళ్ళి చూస్తే లేదు. "పిల్ల మాట్లాడిందా అని రెండుసార్లు అడిగింది మేడమ్," అన్నాడు అక్కడి సెక్యూరిటీ. "మాట్లాడిందని నర్సు చెప్పినంక పోయింది."

రాత్రంతా కనిపెట్టుకుని చూడాలని పిల్లని ఆస్పత్రిలోనే ఉంచారు. బుధవారం మధ్యాహ్నం ఇంటికి వచ్చాం. వెంట ఒక మందుల పెట్టె, ఎలర్జీ డాక్టర్ పేరు రాసిన చీటీ, మళ్ళీ కుడితే ఏం చేయాలో రాసిన కాగితం. అందులో ఉన్నదంతా మా ఫ్రిజ్ మీద ఉన్నదే, ఇంజెక్షన్ సంగతి ఒక్కటే కొత్త. తలుపు బయట నీలం రంగు హవాయి చెప్పులు అట్లాగే ఉన్నాయి, ఒకదాని పట్టీకి పిన్నీసు గుచ్చి ఉంది. ఉదయ్ వాటిని కాలితో కొంచెం పక్కకి జరిపి తాళం తీశాడు.

ఆ సాయంత్రం మా టీమ్ మీటింగ్. మంగళవారం సిస్టమ్ ఎందుకు పడిపోయిందో మాట్లాడుకోవాలి. కుమార్ చూసుకుంటానన్నా నేను వినలేదు. కొత్తగా చేరిన ఒకమ్మాయి తను ఒక సెట్టింగ్ మార్చి, రెండు రోజులు ఎవరికీ చెప్పలేదని తడబడుతూ ఒప్పుకుంది. "చెప్పావు, అది చాలు," అన్నాను నేను. "ఎందుకు చెప్పలేకపోయావో అది ముందు చూద్దాం. తప్పు నీది కాదు, చెప్పడానికి భయమేసేలా మనం పెట్టుకున్న పద్ధతిది." ఎప్పుడూ చెప్పే వాక్యాలే, నోటికి వచ్చినవే. ఆ అమ్మాయి ఏడ్చేసింది. మీటింగ్ అయ్యాక కెమెరా ఆపేశాను. నా మీద నాకు రోత పుట్టింది.

గురువారం పొద్దున తొమ్మిదికి ఇంటర్‌కమ్ మోగింది. ఉదయ్ టిఫిన్ తింటున్నాడు. రసజ్ఞ నా పక్కన కుర్చీ ఎక్కి పాలలో బిస్కెట్ ముంచుతోంది.

"మేడమ్, గేటు నుంచి. సీతాబాయి అని వచ్చింది. యాప్‌ల పేరు లేదు. పనికి కాదంట, మీ ఇంటి ముందట చెప్పులు ఉన్నయంట, తీస్కపోతదంట. పైకి పంపాల్నా, మీరే ఎవరితోనన్న పంపిస్తరా?"

"ఒక్క నిమిషం," అన్నాను.

ఉదయ్ విన్నాడు. "నేను ఆఫీసుకి వెళ్తూ ఇచ్చేస్తాలే," అన్నాడు, గొంతు పెంచకుండా. "పైకి ఎందుకు? పాప చూస్తే మళ్ళీ గోల."

పాప అప్పటికే వినేసింది. "సీతనా?" అంది.

రెండు రోజులుగా అడగాలనుకుని అడగనిది అప్పుడు అడిగాను. "రసా, నీకు కాలి మీద కుట్టినప్పుడు నాకెందుకు చెప్పలేదు?"

అది బిస్కెట్ వైపే చూస్తూ చెప్పింది. "చెప్తే సీతను గూడ పంపిస్తవ్ గదా."

"అట్లా అని సీత చెప్పిందా?"

"సీత చెప్పలే. సీత ఏడ్చింది. నేనే పెద్ద చేతుల గౌను వేసుకున్న, దద్దుర్లు కనపడకుండ."

"మరి నేను పంపించేస్తానని నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పలే," అంది. "నీలమ్మ సున్నం పెట్టిన అని చెప్పింది. నువ్వు పంపిస్తివి. నేను చూసిన."

బిస్కెట్ మెత్తబడి పాలల్లో పడిపోయింది. అది వేలితో వెతుక్కుంటోంది. ఉదయ్ ఇడ్లీ ముక్క పట్టుకున్న చెయ్యి ప్లేటులోనే ఉంచి దాని వైపు చూస్తున్నాడు. ఇంటర్‌కమ్‌లో "మేడమ్? మేడమ్?" అంటున్నారు.

"నేనే వస్తున్నానని చెప్పండి," అన్నాను.

రసజ్ఞని ఎత్తుకుని తలుపు తీశాను. ఉదయ్ అడ్డం రాలేదు. చెప్పుల దగ్గర ఒక్క క్షణం ఆగాను. వంగి తీసుకోబోయి, అక్కడే వదిలేసి లిఫ్టు ఎక్కాను. లిఫ్టులో యాప్ తెరిచి సీతాబాయి పేరు మా ఫ్లాట్‌కి మళ్ళీ కలిపాను. తర్వాత నీలమ్మ పేజీ వెతికాను. ఫోటోలో ఆమె బొట్టు కొంచెం పక్కకి ఉంది. "ప్రస్తుతం ఏ ఫ్లాట్‌లోనూ పని చేయడం లేదు" అని ఉంది. రెండేళ్ళు మా పిల్లకి అన్నం పెట్టిన మనిషి గురించి ఆ పేజీలో నేను రాసింది ఒక్క వాక్యం, దాని కింద "మీకు ఇది ఉపయోగపడిందా?" అంటే ముప్పై ఒక్క మంది అవునన్నారు.

గేటు దగ్గర నీడ లేదు. సీతాబాయి సెక్యూరిటీ గది గోడని ఆనుకుని నిలబడి ఉంది, కాళ్ళకి ఎవరివో మగవాళ్ళ చెప్పులు. మమ్మల్ని చూసి రెండడుగులు ముందుకు వచ్చి ఆగిపోయింది. రసజ్ఞ నా చంకలోంచి జారి ఆమె మీద పడింది. ఆమె దాని మెడ తిప్పి చూసింది, చెవుల వెనక చూసింది, గౌను కొంచెం ఎత్తి పొట్ట చూసింది. అన్నీ చూసుకున్నాక నా ఖాళీ చేతులు చూసింది.

"చెప్పులు తేలేదా అమ్మా?"

"పైనే ఉన్నాయి. వచ్చి వేసుకో."

ఆమె పైకి రాలేదు, పోనూ లేదు. "ఇంక ఏదన్న అయితే చెప్పాల్నా అమ్మా?" అని అడిగింది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది. మొదటి రోజు ఫ్రిజ్ ముందు అడిగిన ప్రశ్నే ఇది. ఈసారి నాకు అది ప్రశ్నలాగే వినిపించింది. చెప్పమనడానికి నోరు తెరిచాను కానీ, ఆ మాట నా నోట్లోంచి వస్తే నమ్మడానికి ఆమె దగ్గర ఏ కారణమూ లేదు.

"నీలమ్మ నీకు తెలుసా?" అన్నాను.

"తెల్వకేమి? ఉస్మాన్‌నగర్‌ల మాదొకటే వాడకట్టు. ఆమెనే చెప్పింది మీ ఇంట్ల జాగ ఖాళీ అయిందని." "పిల్ల మంచిది, పో అన్నది" అని కూడా అంది.

"తనకి ఫోన్ చేయాలి. నాతో మాట్లాడుతుందా?"

"మీ నంబరు చూస్తె ఎత్తదమ్మా."

"అయితే నీ ఫోన్‌లోంచి చెయ్యి."

సీతాబాయి కొంచెంసేపు నా ముఖం చూసింది. తర్వాత కొంగులోంచి ఫోన్ తీసి, నంబరు నొక్కి, నా చేతికిచ్చింది. నేను స్పీకర్ పెట్టాను. మూడుసార్లు మోగింది. ఏమని మొదలుపెట్టాలో నాకింకా తెలియలేదు. యాప్‌లో రాసిందాన్ని తీసేస్తానని చెప్పాలా, ముందు తప్పు నాదని చెప్పాలా అని వెతుక్కుంటుండగానే అవతల ఎత్తారు.

"ఏందే సీతా," అంది నీలమ్మ, నేను నోరు తెరవకముందే. "పిల్లకు ఎట్లున్నదే? గొంతు సాఫ్ అయిందా?"